మూడో నిబంధన

"మా తమ్ముణ్ని చెట్టులోంచి తీసేయండి సార్. వానికీ మాకూ మాటల్లేవు."

ఫోన్‌లో ఎవరో అరుస్తుంటే, స్పీకరు పెట్టి అందరికీ వినిపించాడు భీమరావు.

గదంతా నవ్వింది.

ఇలాంటి గొడవలు ఎక్కువయ్యాయనే ఆ ఆదివారం మీటింగు పెట్టారు. మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర, విత్తనాల అంగడి మేడ మీది గది. అడిగిన కుటుంబాలకు ఉచితంగా వంశవృక్షం గీసిచ్చే సంఘం అది. ఎవరికీ జీతం లేదు. ఇన్నాళ్లూ నిబంధనలూ లేవు. ఆ పొద్దే రెండు రాసుకున్నారు.

మూలన కూర్చున్న శాంతకుమారి మాటిమాటికీ ఫోన్ చూసుకుంటోంది. కొడుకు కిరణ్ పెళ్లిచూపులకని బండి మీద వాయల్పాడు వెళ్లాడు. చేరానని ఫోన్ చేయలేదు. లారీ ఏమైనా గుద్దిందేమో! పిల్ల తరఫు వాళ్లకు మన ఇంటి గురించి ఎవరైనా చెడ్డగా చెప్పారేమో!

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మీటింగుల్లో నోరు విప్పదు. పుంగనూరు పక్క ఇళ్లు తిరిగి పాత పేర్లు అడిగి రావడం ఆమె పని. ఎవరింట్లో కూర్చున్నా అమ్మేసిన పుట్టిల్లు కళ్లముందు కదిలేది.

అప్పుడే ఒక ముసలామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఈడేనా అప్పా, ఇంటోళ్ల పేర్లు రాసేది?"

"ఈడే. కూర్చో అవ్వా. ఏ ఊరు నీది?" అన్నాడు భీమరావు.

"కుప్పం పక్క పల్లె. మునిలక్ష్మమ్మ అంటారు. ముందు పుంగనూర్లో కూలికి ఉంటిమి. పట్టుపురుగుల గురప్ప ఇంట్లో."

శాంతకుమారి ఫోన్ పక్కన పెట్టి తలెత్తింది. గురప్ప ఆమె నాన్న.

"పురుగులకు ఆకేస్తే రేయంతా నమల్తానే ఉండె సామీ. సన్నవాన పడినట్టు సప్పుడు. ఆ సప్పుడుకే పిల్లోళ్లు నిద్దరపోదురు."

శాంతకుమారికి ఒక్కసారిగా మల్బరీ ఆకు వాసన వచ్చినట్టయింది. ఆ చప్పుడు వింటూనే ఆమె పెరిగింది.

"ఆ ఇంటికి నువ్వేమవుతావు?" అడిగాడు భీమరావు.

"ఆ ఇంట్లో నాకొక బిడ్డ ఉండాది."

గదిలో ఎవరో దగ్గారు. నలుగురి చూపులూ శాంతకుమారి మీదికి మళ్లాయి.

"ఎవరా బిడ్డ?"

"సెప్పకూడదు. గురప్పకు ఒట్టేసినా. ఆ ఇంటి సెట్టులో ఏ మూలనో నా పేరు రాయండి సాలు. పోయేలోపల సూసుకుంటా."

శాంతకుమారి తల దించుకుంది. నాన్నకు ఈమెతో... ఛీ! ఈ మాట వాయల్పాడు చేరితే? సంబంధం తప్పితే? కిరణ్ మనసు విరిగి ఏ అఘాయిత్యమో చేసుకుంటే?

ఎన్నడూ లేనిది లేచి నిలబడింది.

"నిబంధనలు రాయాలన్నారు కదా సార్. రక్తసంబంధమన్నా ఉండాల, పెండ్లి సంబంధమన్నా ఉండాల. లేకుంటే ఎవరి పేరూ ఎక్కించకూడదు. ఇదీ రాయండి."

ఎవరూ కాదనలేదు. మూడో నిబంధనగా రాసేశారు.

"ఆ రెండిట్లో నీదేది అవ్వా?" మెల్లగా అడిగాడు భీమరావు.

"రెండూ కాదు సామీ."

"అయితే కుదరదు అవ్వా."

"పోనీలే అప్పా. అడిగిపోదామని వచ్చినా."

వెళ్తూ వెళ్తూ శాంతకుమారి దగ్గర ఆగింది.

"యాల ఇంత సిక్కిపోయినావు పాపా? వేళకు తినవా?"

"నేను నీకు తెలుసా?"

"నా వయసుకు అందరూ తెలిసినట్టే ఉంటారులే."

రెండు చేతులతో ఆమె చెంపలు తడిమి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది.

"బస్సు పోతుంది, పో అవ్వా," అంది శాంతకుమారి మొహం తిప్పుకుని.

కొన్నాళ్లకు వాయల్పాడు సంబంధం కుదిరింది. ఆ కబురు చెబుదామని శాంతకుమారి పుంగనూరులో ఉన్న మేనత్త నాగమ్మ ఇంటికి బయల్దేరింది. బస్సులో ఉండగా భీమరావు ఫోన్.

"ఆ కుప్పం అవ్వ పోయిందంటమ్మా. పాపం."

"అయ్యో," అంది. లోపల మాత్రం బరువు దిగినట్టయింది.

నాగమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది. శాంతకుమారీ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచింది. ఇక ఆగలేకపోయింది.

"అత్తా, మా నాయనకు కుప్పం పక్క మనిషి ఎవరన్నా ఉన్నిందా? మునిలక్ష్మమ్మని..."

నాగమ్మ మొహం వెలిగిపోయింది. "వచ్చిందా! యాడుండాది?"

"సచ్చిపోయిందంట. పీడ వదిలింది. పెండ్లి పెట్టుకుని..."

"నోరు ముయ్యి!"

చేటలో గింజలు చెదిరిపోయాయి. నాగమ్మ చేట పక్కకు నెట్టింది.

"మీ నాయన అట్లాంటోడు కాదే తిక్కదానా. నువ్వు పుట్టినప్పుడు మీయమ్మకు బాలింత జ్వరం. ఒంటిమీద తెలివి లేదు. ఆవుపాలు పోస్తే కక్కేస్తాంటివి. నువ్వింగ బతకవనుకుంటిమి. ఆ వారమే మునిలక్ష్మమ్మ బిడ్డ పురిట్లో పోయె."

శాంతకుమారి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఒట్టెందుకత్తా?"

"ఆయప్పకూ నీ మాదిరే అన్నిటికీ భయమే," అంది నాగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నీకు మాటలొస్తే యాడ ఆయమ్మనే 'అమ్మా' అని పిలుస్తావో అని, ఏడాది పాలిచ్చి నిన్ను బతికించిన తల్లిని ఊరే దాటించేసినాడు."