గాయానికి కారణం

"దీదీ, మీ తెలుగు బ్రోకర్ మళ్ళీ వచ్చాడు," అన్నాడు గార్డు.

ఫ్లోరా నిట్టూర్చింది. ఘాజియాబాద్‌లోని ఆ ఆసుపత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో పొద్దుట్నుంచి ఆమె ఒక్కతే నర్సు. రెండో ఆమె సెలవు.

గార్డు బ్రోకర్ అన్న కోటయ్య బర్మాలో పుట్టిన తెలుగువాడు. యాభై దాటాయి. అక్కడి సైన్యానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్ళని మూడు నెలలుగా ఈ ఆసుపత్రికి తీసుకొస్తున్నాడు. వాళ్ళ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇతనే ఫ్లోరాకి తెలుగులో చెప్పాలి.

ఇవాళ ఎస్తేర్ అనే అమ్మాయి. వీపు మీద ఇంకా మానని పుళ్ళు.

ఫ్లోరా కట్టు కట్టింది. రిజిస్టర్‌లో 'పాత గాయం' అని రాసింది.

"ఎలా తగిలిందో కూడా రాయమ్మా," అన్నాడు కోటయ్య. "బర్మా జైల్లో కొట్టారు."

"అదంతా మాకెందుకు అంకుల్? రేపు పోలీసులొచ్చి అడిగితే స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు?"

"ఒక్క ముక్కమ్మా."

"ప్రతిసారీ ఇదే గోల! బయట ముప్ఫై మంది కూర్చున్నారు."

అతను కదల్లేదు.

ఫ్లోరా విసిగిపోయి సూపర్‌వైజర్‌ని పిలిచింది. "ఈయన్ని ఇంక లోపలికి రానివ్వకండి సర్. పేషెంట్లని అడ్డం పెట్టుకుని బతికే రకం."

కోటయ్య ఆమెకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసటే.

"ఠీక్ హై తల్లీ," అని గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

రెండు నెలల తర్వాత ఎస్తేర్ వచ్చింది. వెంట ఒక లాయరమ్మ.

"బర్మా ప్రభుత్వాన్ని బయటి దేశాలు గట్టిగా నిలదీస్తున్నాయి సిస్టర్. ఆ జైల్లో ఇంకా ఉన్నవాళ్ళని విడిపించాలి. కొట్టారనడానికి రుజువు అడుగుతున్నారు. మీ రిజిస్టర్ చూడొచ్చా?"

ఫ్లోరా పేజీలు తిప్పింది.

పాత గాయం. పాత గాయం. పాత గాయం.

అన్నీ తన చేతిరాతే.

"వీటితో ఏం చెయ్యలేం," అంది లాయరమ్మ.

"ఇప్పుడు రాసిస్తాను మేడమ్."

"పుళ్ళు మానిపోయాయి. ఇప్పుడు రాస్తే ఎవరు నమ్ముతారు?"

ఫ్లోరా తలుపు వైపు చూసింది. "కోటయ్య అంకుల్ రాలేదా? ఆయనకి అన్నీ తెలుసు."

"పోయారు. పది రోజులైంది. గుండె జబ్బు. ఆసుపత్రికి పోదామంటే, నన్ను రానివ్వరమ్మా అన్నారట."

ఫ్లోరా రిజిస్టర్ మూసింది. ఎస్తేర్ వైపు తిరిగింది.

"ఆయన నీకేమవుతారు?"

ఎస్తేర్ ఇక్కడ నేర్చుకున్న కొద్దిపాటి హిందీలో, ఆగి ఆగి చెప్పింది.

"మా జైలు వార్డరు దీదీ... మమ్మల్ని కొట్టమంటే కొట్టలేక, మా ఇరవై ముగ్గురికీ తలుపు తీసి, ఇంట్లో భార్యకి చెప్పే వ్యవధి కూడా లేక, మాతోపాటే నడిచొచ్చేశారు."