గెంజో కమలా

"ఆ సంచీ ఇలా ఇయ్యి, ముసలమ్మా!"

కెన్‌సకు అరుపుకి, కమలా చెట్టు కింద నిలబడ్డ ఆమె ఉలిక్కిపడింది.

"కొమ్మలు కోసుకుపోదామనేగా?"

"అడుగుదామనే వచ్చాను బాబూ. మా ఊళ్ళో చెట్లన్నీ మంచుకి మాడిపోయాయి. ఒక్క కొమ్మ ఇస్తే అంటు కట్టుకుంటాను."

"అందరిదీ ఇదే పాట. రేపు దీనికి మా నాన్న పేరు పెడుతున్నాం. అందాకా ఆకు కూడా కొండ దిగదు."

సంచీ లాక్కుని బోర్లించాడు. తువ్వాలు, అన్నం ముద్ద, చిన్న కత్తి రాలాయి.

"కత్తి కూడానా! అడగడానికి వచ్చేవాళ్ళకి కత్తెందుకు?"

పక్క మడిలో పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

ఆమె వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

"ఏం పేరు పెడుతున్నారు?"

"గెంజో కమలా. చలికి కొండంతా మోడైన ఏడాది దీన్ని బతికించింది మా నాన్నే."

"అలా చెప్పాడా ఆయన?"

"ఆయన చెప్పుకునే మనిషి కాదు. ఊరే చెబుతుంది."

ఆమె అతనికి తల వంచి నమస్కరించి, కొండ దిగిపోయింది.

మర్నాడు రైతు సంఘం హాల్లో పేరు పలక వేలాడదీశారు. చప్పట్లు కొట్టారు. సాకే సారా గిన్నెలు చేతులు మారాయి.

కెన్‌సకు తను దొంగను పట్టిన వైనం వర్ణించి చెప్పాడు. అందరూ నవ్వారు. మేనత్త తొమి మాత్రం గిన్నె కింద పెట్టింది.

"ఆమె ఎడమ బొటనవేలి మీద పాత కోత మచ్చ ఉందా?"

"ఉంది. నీకెలా తెలుసు అత్తయ్యా?"

"ఆ చలి ఏడాది తగలబెట్టడానికి పోగేసిన కొమ్మల్లో పచ్చగా మిగిలింది ఒక్కటే. అది ఏరుకొచ్చి అంటు కడుతూ వేలు కోసుకుంది. అదే మన కమలా చెట్టు. పిచ్చిదానా అని మీ నాన్న నవ్వాడు."

"ఎవరి గురించి చెబుతున్నావు?"

"సుయే. మీ నాన్న మొదటి పెళ్ళాం. పిల్లలు పుట్టలేదని మా అమ్మ పంపించేసింది. మరుసటేడు మీ అమ్మని తెచ్చాం."

కెన్‌సకు గబుక్కున లేచాడు.

"ఏ ఊరామెది? కొమ్మ నేనే పట్టుకెళ్ళి ఇస్తాను."

తొమి పలక వైపు చూసింది.

"తల్లీ తండ్రీ లేని పిల్ల. పొమ్మన్నాం గానీ, ఎక్కడికి పోతావని ఎవ్వరం అడగలేదురా."