అమ్మకంలో లేని మనిషి

“మూడుసార్లు కొట్టి వచ్చేయకండి. నాలుగోసారికి గానీ తలుపు తీయదు” అని చెప్పి ఓనరు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఇల్లు అమ్మేవాడు పైకి వచ్చి చూపించకపోవడమేమిటో నర్సమ్మకు అర్థం కాలేదు. మోకాళ్లు పట్టుకుని తనే ఎక్కింది.

ఆయన చెప్పినట్టే నాలుగోసారికి తలుపు తెరుచుకుంది. నలభై అయిదేళ్లావిడ, చేతిలో రాగితీగ చుట్ట, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. ముందుగది నిండా విప్పి పడేసిన ఫ్యాన్లు, మోటార్లు. కాలిపోయిన వైండింగ్ తీసి కొత్త తీగ చుట్టడం ఆవిడ జీవనాధారం.

“ఇల్లు కొనడానికొచ్చారా? చూసుకోండి” అందావిడ, చుట్టే పని ఆపకుండానే. “గోడలున్నాయి, కిటికీలున్నాయి, వంటింట్లో చెమ్మ కూడా ఉంది. అవన్నీ అమ్మకంలో ఉన్నాయి. నేను లేను.”

నర్సమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే తన సంగతి గుర్తొచ్చింది. నెలాఖరుకు ఆమె నర్సు ఉద్యోగం అయిపోతుంది, ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చేయాలి. గోడకు మేకు కొట్టాలన్నా ఎవరినో ఒకరిని అడుగుతూ ముప్పై ఎనిమిదేళ్లు బతికిన మనిషి. దాచుకున్నదంతా ఊడ్చిపెడితే మేడ మీది ఈ రెండు గదులే చేతికందాయి. అవి కూడా అద్దెకున్నావిడతో సహా అమ్ముతున్నాడు కాబట్టి ఆ ధరకు వచ్చాయి. ఖాళీ చేయించుకోవడం కొన్నవాళ్ల తలనొప్పి అని ఓనరు ముందే చేతులు దులుపుకున్నాడు.

నర్సమ్మ మెత్తగా మొదలుపెట్టింది. తన ఇబ్బంది చెప్పుకుంది. వేరే ఇల్లు వెతికి పెడతానంది, సామాను మోయించే ఖర్చు కూడా తనదేనంది. పోనీ దగ్గరివాళ్లెవరూ లేరా అని అడిగింది. ఉన్నారు గానీ లేనట్టే అని ఆవిడ ముక్తసరిగా చెప్పి, బీరువాలోంచి ఒక కట్ట తెచ్చి ముందు పెట్టింది. తొమ్మిదేళ్ల అద్దె రసీదులు. నెల నెలా ఒకటో తారీఖే. జ్వరంతో ఆసుపత్రిలో పడి ఉన్న నెల కూడా తప్పలేదట.

“ఒక్క రోజు ఆలస్యమైతే చాలు, ఆయన నోటికి పని దొరుకుతుంది” అంది. “తేరగా ఉంటున్నానని ఈ తొమ్మిదేళ్లలో అనిపించుకోలేదు. ఇకముందూ అనిపించుకోను. ఎవరు కొన్నా అద్దె ఇస్తాను. ఈ గడప మాత్రం దిగను.”

కిందికొచ్చి ఆ మాటే చెబితే ఓనరు పళ్లు నూరాడు.

“దాని మొండితనం మీకు తెలియదు. అలిగిందంటే ఆరు నెలలు నోరు విప్పదు. మీరొక పని చేయండి. రిజిస్ట్రేషన్ కాగానే కరెంటు తీయించేయండి. పని ఆగితే పొయ్యి ఆగుతుంది. వారం తిరక్కుండా అదే పోతుంది.”

ఇంత వయసున్న ఆడమనిషిని పట్టుకుని అది, ఇది అంటుంటే నర్సమ్మకు ఒళ్లు మండింది. అయినా అవసరం తనది కాబట్టి నోరు నొక్కుకుని బస్సెక్కింది. బస్సులో కూర్చున్నాక, పాతికేళ్ల కిందట నీళ్లు ఆపేసి తనను వెళ్లగొట్టిన ఓ ఇంటావిడ గుర్తొచ్చింది. ఆరోజు మొహమైనా కడుక్కోకుండా డ్యూటీకి వెళ్లి, వార్డులో పంపు కింద తల పెట్టి ఏడ్చింది. ఇన్నాళ్లూ కట్లు కట్టిన ఈ చేత్తో ఇప్పుడు ఇంకొకరి ఫ్యూజు పీకాలా? చస్తే పీకను అనుకుంది. ఇల్లు మాత్రం వదులుకోను అని కూడా అనుకుంది.

మర్నాడు ఒక్కతే మళ్లీ వెళ్లింది.

“ముందుగది నీకు, లోపలిగది నాకు. వంటిల్లు ఇద్దరికీ. అద్దె సగమే ఇవ్వు. కాగితం రాసుకుందాం. ఆయన సంతకం పెట్టేదాకా మాత్రం ఈ సంగతి పొక్కనివ్వకు.”

ఆవిడ మొదటిసారి తీగ కింద పెట్టింది. కళ్లజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకుంది. ఆయన దగ్గర నోరు మూసుకోవడం తనకు బాగా అలవాటేనంది.

రిజిస్ట్రేషన్ రోజు ఓనరు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. డబ్బు ముట్టింది. డాక్యుమెంటు రైటరు కాగితాలు సర్దుతుంటే నర్సమ్మ వరండాలోకి కేకేసింది. వైండింగ్ ఆవిడ లోపలికొచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఓనరు తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“ఇప్పుడు అద్దె కాగితం రాయండి” అంది నర్సమ్మ రైటరుతో. “ఆవిడకు ఇష్టమున్నంత కాలం ఉండొచ్చని రాయండి.”

ఓనరు గయ్యిమని లేచాడు. ఖాళీ చేయిస్తుందని నమ్మే అంత తక్కువకు ఇచ్చానన్నాడు, ఇది మోసమన్నాడు.

“అది కొన్నవాళ్ల తలనొప్పి అన్నది మీరే” అంది నర్సమ్మ. “నా ఇంట్లో ఎవరుండాలో నేను చూసుకుంటాను. మీ డబ్బు మీకొచ్చింది. ఇంకా ఈవిడతో మీకేం పని?”

ఆయన డబ్బు సంచి చంకలో పెట్టుకున్నాడు. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇలాంటి తగాదాలు రోజూ చూసే రైటరు కొత్త కాగితం తీశాడు. నర్సమ్మ వివరాలు రాసుకుని, వైండింగ్ ఆవిడ వయసు అడిగాడు. చెప్పింది. వృత్తి అడిగాడు. మెకానిక్ అని తలెత్తి చెప్పింది.

“భర్త పేరు?”

ఆవిడ ఓనరు వైపు చూడనైనా చూడలేదు.

“ఇందాక అమ్మినవారి దగ్గర రాశారే, ఆ పేరే.”