మూసిన దర్వాజ వెనక

కోమల ఇంట్లోనే కూర్చుని ఓ వీడియో గేమ్ కోసం భువనగిరి కోట దర్వాజను కంప్యూటర్‌లో కట్టింది. చనిపోయిన తాత కాపలా కాసింది ఆ దర్వాజ దగ్గరే. ఆటలో పొద్దుగూకగానే అది మూసుకుంటుంది. ఆ రాత్రి మూసుకున్నాక లోపలి నుంచి దగ్గు వినిపించింది. ఆమె ఇంకా ఏ శబ్దమూ పెట్టలేదు.

బియ్యం ఏరుతున్న అవ్వ తలెత్తింది. "మూసేముందు పిలిచినవా? మీ తాత పిలువంది మూసెటోడు కాదు."

"ఆటల ఎవరుంటరవ్వా?" అని నవ్వుతూనే కోమల పిలిచింది. "లోపల ఎవరన్న ఉన్నరా?"

దగ్గు ఆగింది. "నేనే. జర తియ్యి," అంది ఒక ముసలి గొంతు.

అవ్వ నెత్తిమీద కొంగు కప్పుకుని చెప్పుల కోసం చూసింది. "తియ్యి బిడ్డా. నాకోసమే వచ్చిండు."

కోమల మౌస్ వదిలేసి అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెరమీద దర్వాజ గడియ దానంతటదే మెల్లగా జరుగుతోంది.