షోలింగరు మొక్కు

"షోలింగరుకా? అయితే నేనూ వస్తా," అనింది గోదమ్మ.

కోడలు కుముదవల్లి చేతిలో కాఫీ గ్లాసు అట్లనే ఆగిపోయింది. కొడుకు సుదర్శనం పెండ్లాం మొగం చూసినాడు, అమ్మ మొగం చూసినాడు, గోడ మీద షోలింగరు నరసింహస్వామి పటాన్ని మాత్రం చూడలేక తల దించుకున్నాడు.

"అది ఒంటరిగా పోవాల్సిన మొక్కు కదత్తా? మీరే చెప్తారు. ఏటా కార్తీకంలో మీరు పోయేది కూడా ఒక్కరే కదా," అనింది కుముద.

"సరే, ఇద్దరం ఒంటరిగానే పోదాం. నువ్వు ముందర సీట్లో కూర్చో, నేను వెనక సీట్లో కూర్చుంటా."

గోదమ్మ చేసంచీ వెతుక్కుంటా లోపలికి పోయింది. కుముద మొగుణ్ణి వంటింట్లోకి లాక్కోనిపోయింది.

"ఇంతమంది దేవుళ్ళుంటే మీకు ఆ షోలింగరు కొండే దొరికిందా? తిరుత్తణి అనుంటే పోయేది కదా?"

"నామాలోళ్ళం, మనకి సుబ్రమణ్యస్వామి మొక్కేందిరా అని అడగదా? అమ్మ నమ్మేది ఇదొక్కటే అనుకున్న్యా. ఆ పులిహోర ప్రసాదం తెచ్చి ఎంత భక్తిగా పెడతాదో తెలుసు కదా."

తెలుసు. ఏటా అరిటాకులో కట్టుకోనొస్తాది గోదమ్మ. సుదర్శనం దాన్ని కండ్లకద్దుకోని, ఒక్క మెతుకు కింద పడకుండా తింటాడు. హైస్కూల్లో లెక్కల అయ్యవారే, కానీ ఆ పొట్లం ముందర చిన్నపిల్లోడైపోతాడు.

"నిజం చెప్పేస్తే పోలా?"

"చెప్తే నడింట్లో కూలబడి ఏడుస్తాది. పొద్దుగుంకే లోపల వీధంతా బత్తాయి పండ్లు తీసుకోని నిన్ను చూసేదానికి వచ్చేస్తాది."

నిజమేందంటే, పోయిన వారం లేడీ డాక్టరు క్యాంపు పెట్టి, కుముదకి గర్భసంచి మూతి కాడ పుల్లతో తుడిచి తీసి పరీక్షకి పంపించింది. నిన్న కుముదని పిలిపించింది. "క్యాన్సరని నేను చెప్పడంలేదు. కణాలు మామూలుగా లేవు, అంతే. వేలూరు పెద్దాసుపత్రిలో బాగా చూస్తారు. రేపే పో. వాయిదా వెయ్యొద్దు." కుముద చెవులు అందులో ఒక్క మాటనే పట్టుకున్నాయి. మిగతాదంతా స్టేషను దొరకని రేడియో మాదిరి గరగరమనింది.

చిత్తూరు బస్టాండులో షోలింగరు బస్సు, వేలూరు బస్సు పక్కపక్కనే నిలబడి ఉండాయి. కుముద ఆఖరి ప్రయత్నం మొదలుపెట్టింది.

"మీ మోకాళ్ళతో అన్ని మెట్లు ఎక్కగలరా అత్తా?"

"ఎక్కేటప్పుడు చూసుకుందాంలే."

"కోతులు శానా ఉంటాయంట కదా?"

"కోతులు లేని ఊరు యాడుండాది?"

"స్వామి ఏ వైపు చూస్తా ఉంటాడత్తా?"

"మన వైపే."

"పోనీ, కాఫీ అన్నా తాగుతారా?"

"బయట పచ్చి నీళ్ళు కూడా ముట్టనని తెలీదా నీకు?"

"షోలింగర్! షోలింగర్! ఎక్కండమ్మా!" అని కండక్టరు అరుస్తా ఉన్నాడు. కుముద మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కితే ఈ రోజు పోతాది. రేపటికి ఇంకో అబద్ధం కావాల. ఎల్లుండికి ఇంకోటి. ఆ లోపల ఆ కణాలు ఏం చేస్తా ఉంటాయో వాటికే తెలియాల. ఆమె కాలు వెనక్కి తీసుకునింది.

"అత్తా, నాకు మొక్కూ లేదు, ఏమీ లేదు. నేను వేలూరు ఆస్పత్రికి పోవాల."

క్యాంపు, పరీక్ష, డాక్టరు మాట, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆఖరి ముక్క మాత్రం సన్నగా వచ్చింది. "భయంగా ఉండాదత్తా."

గోదమ్మ కూలబడలేదు. ఏడవలేదు.

"వాడికి తెలుసా?"

"ఆయనే షోలింగరు అని చెప్పమన్నాడు."

"అదే, వాడి మొగానికి అబద్ధమొకటి! పొద్దున లేసినప్పట్నించీ పటానికి లెంపలేసుకుంటానే ఉన్నాడు." గోదమ్మ కోడలి చెయ్యి పట్టుకునింది. "రా, ఆ బస్సులో కిటికీ కాడ సీటు పట్టుకో. అది నిండిపోతే కాట్పాడి దాకా నిలబడాల."

వేలూరులో దిగినాక కుముద దారి అడుగుదామని రిక్షా ఆయన వైపు తిరిగింది. అంతలోకే గోదమ్మ నడుస్తా ఉండాది. ఆస్పత్రి గేటు దాటింది. చీటీలు రాసే కిటికీ కాడ, "ఆ వరస కాదు, ఈ వరస," అని కోడల్ని లాగింది. మెట్లెక్కి, ఎడమకి తిరిగి, వరండా చివర బెంచీలో ఫ్యాను కింద చోటు చూసి కూర్చోబెట్టింది. మోకాళ్ళ మాటే ఎత్తలేదు. గుళ్ళల్లో వరసలకి అలవాటు పడిన మనిషికి ఆస్పత్రి ఒక లెక్కా అనుకునింది కుముద. ఎట్లయినా ఆ చెయ్యి పట్టుకోనుంటే భయం కొంచెం తగ్గింది.

తలుపు తెరుచుకునింది. నెరిసిన తల సిస్టరమ్మ బయటికి చూసి, మొగమంతా నవ్వు చేసుకునింది.

"వాంగమ్మా, గోదమ్మా! ఆపరేషనై ఇన్నేండ్లయినా ఒక్క ఏడు కూడా చెకప్పు తప్పలేదు మీరు. ఈసారి కార్తీకం రాకముందే వచ్చేసినారే?"

"ఈసారి నాకు కాదు సిస్టరమ్మా, మా కోడలికి."

కుముద అత్త వైపు తిరిగింది. "అత్తా... మరి షోలింగరు?" అనింది.

గోదమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా వాడికి చెప్పబాకు. పోయేటప్పుడు గుర్తుచెయ్, గేటు ముందర మెస్సులో ప్రసాదం కట్టించుకోవాల."