పెడన దాటేశాను

“ఇక్కడేనమ్మా, ఈ మలుపులోనే లారీ గుద్దింది,” అన్నాడు మృదంగం మూర్తి.

నాగశ్రీ కదలకుండా నిలబడిపోయింది. వయొలిన్ విద్వాంసుడైన ఆమె భర్త రఘురామ్ నిరుడు గుడివాడలో కచేరీ చేసి, స్కూటర్ మీద బందరు తిరిగొస్తూ, గుడ్లవల్లేరు దాటాక ఇక్కడే పోయాడు. చోటు ఎక్కడో ఆమె ఇవాళ్టిదాకా ఎవర్నీ అడగలేదు.

“నేనే చంపుకున్నాను మూర్తిగారూ. త్వరగా రమ్మని ఫోన్లో కేకలేశాను. ఆ కంగారులోనే బండి నడిపుంటారు.”

రోడ్డు పక్కన పునుగులు వేస్తున్న రత్తమ్మకు నవ్వు ఆగలేదు. గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఫిడేలయ్యగారు కంగారుపడ్డమా? మీ ఫోనొచ్చినప్పుడు ఈ బల్ల మీదే ఉన్నారమ్మా. పెడన ఇంకా బోలెడు దూరముండగానే ‘పెడన దాటేశాను శ్రీ’ అని చెప్పి, ఫోను పెట్టేసి, ఇంకో ప్లేటు వెయ్యమన్నారు. అది తిని, టీ తాగి, తీరిగ్గా బయల్దేరారు. మెల్లగానే వెళ్తున్నారమ్మా. ఆ లారీయే మీదికొచ్చేసింది.”

“పెడన దాటానన్నారు! నేను అన్నం వడ్డించేశాను కూడా!”

“మావాడు స్నానాలగదిలోంచి కూడా ‘దార్లో ఉన్నా’ననేవాడమ్మా,” అన్నాడు మూర్తి.

భర్త పోయాక మొట్టమొదటిసారి నాగశ్రీ ఆయన్ని తిట్టింది.

“అబద్ధాలకోరు మనిషి!” అని నవ్వింది. ఆ నవ్వులోనే, చాలాసేపు ఏడ్చింది.