బురదలో ఎర్ర గుడ్డలు

"ఈ పుల్లలు ఎవరు పాతారు?"

జలాశయం గట్టు మీద నిలబడి అడిగింది కొత్త ఆఫీసరు. ఆమె ఉద్యోగంలో చేరి రెండో వారం.

నీళ్లు తగ్గి బురద బయటపడిన మేర ముప్పై నలభై పుల్లలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఎర్ర గుడ్డపీలిక.

"పెద్దాయన పాతాడండీ," అన్నాడు వాచ్‌మన్.

"ఏ పెద్దాయన?"

"అదిగో."

పాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ఒక ముసలాయన వస్తున్నాడు. చేతిలో తనకన్నా పొడుగున్న వెదురుకర్ర. దాంతో నేలను పొడిచి చూస్తూ, ఆగుతూ, మళ్లీ పొడుస్తూ.

ప్రతి ఆదివారం ఒడ్డున చెత్త ఏరడానికి వాలంటీర్లు వస్తారు. వాళ్లకన్నా గంట ముందు ఆయన వస్తాడు. ఎర్ర గుడ్డ ఉన్నచోట కాలు పెట్టకూడదని అందరికీ తెలుసు.

"మీ వాలంటీరు కార్డు చూపించండి," అంది ఆఫీసరు.

"కార్డు లేదమ్మా."

"వయసెంత?"

"డెబ్బై నాలుగు."

ఆమె ఫైలు తెరిచింది.

"అరవై అయిదు దాటినవాళ్లు గట్టు దిగకూడదు. తొమ్మిదో రూలు. రేపు మీకేదన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి?"

ఆయన కర్రకంటిన బురద తుడుస్తున్నాడు.

అప్పటికే వాలంటీర్లు ఒక్కొక్కరే చేరుతున్నారు. అందరూ చూస్తున్నారని ఆమె గొంతు మరి కాస్త పెరిగింది.

"వింటున్నారా?"

"వింటున్నానమ్మా. రావద్దంటే రాను. ఆ గుడ్డలు మాత్రం ఉండనివ్వండి. అక్కడ నేల పైకి ఎండినట్టే కనిపిస్తుంది, కింద గట్టిగా ఉండదు. నీళ్లు తగ్గేకొద్దీ అలాంటి చోట్లు ఇంకా బయటపడతాయి."

"ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా గుర్తులు పెట్టకూడదు. అది పద్నాలుగో రూలు."

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కి వెళ్లిపోయాడు.

"పీకెయ్," అంది ఆమె వాచ్‌మన్‌తో.

"ఒక్కసారి ఆలోచించండి మేడమ్..."

"నువ్వూ నాకు చెప్పేవాడివేనా?"

పుల్లలన్నీ కలిపి సగం బస్తా అయ్యాయి.

ఆమె చెడ్డమనిషేం కాదు. ముందున్న ఆఫీసరు కాగితాలు సరిగ్గా లేవని మాటపడి బదిలీ అయ్యాడు. తనకా గతి పట్టకూడదనుకుంది. ప్రతి వాలంటీరు దగ్గరా సంతకం తీసుకుంది. డాక్టరు సర్టిఫికెట్లు తెప్పించింది. అందరికీ బూట్లు, గ్లౌజులు ఇప్పించింది.

ఆ తర్వాత నాలుగో ఆదివారం చెత్త ఏరడానికి ఒక నర్సు వచ్చింది. నాలుగేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. పది గజాల దూరంలో ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తే అటు నడిచింది.

"అయ్యో, కాలు రావట్లేదు!" అంది నవ్వుతూ.

అందరూ నవ్వారు.

రెండో కాలూ దిగబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తాళ్లు తెచ్చారు. చెక్కలు పరిచారు. పైకి లాగేసరికి గంటన్నర పట్టింది. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక విరిగింది. ఇక కర్ర సాయం లేకుండా నడవలేదన్నారు డాక్టర్లు.

విచారణకు పైఅధికారులు వచ్చారు. ఫైలు మొత్తం తిరగేశారు.

"అన్నీ పద్ధతిగా ఉన్నాయి. మీ తప్పేం లేదు," అన్నారు.

ఆ రోజు నుంచి ఆఫీసరుకు ముద్ద దిగలేదు.

ఆస్పత్రికి వెళ్తే నర్సు కూడా అదే మాట అంది. "మీరేం చేస్తారు మేడమ్? నేనే చూసుకోలేదు."

తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. మంచం పక్కన పాప ఆడుకుంటుంటే అటు చూడలేకపోయింది.

తిరిగొచ్చి వాచ్‌మన్‌ను పిలిచింది.

"ఆ అమ్మాయి దిగబడ్డచోట గుడ్డ ఉండేదా?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"నాలుగు ఉండేవండీ. నా చేత్తోనే పీకాను."

మర్నాడే ఆమె పైఆఫీసుకు వెళ్లింది. పెద్దాయన గట్టు దిగి గుర్తులు పెట్టేందుకు ప్రత్యేక అనుమతి కావాలని పట్టుబట్టింది. రెండు వారాలు తిప్పించుకుని ఇచ్చారు.

ఆ కాగితం పట్టుకుని ఆయన ఉండే చోటు వెతుక్కుంటూ వెళ్లింది. కింద టైలరు కొట్టు, పైన ఒక గది. గదికి తాళం.

"పెద్దాయన ఎక్కడికెళ్లారండీ?"

టైలరు మిషను తొక్కడం ఆపాడు.

"పోయి పన్నెండు రోజులైందమ్మా. మీరు..."

"జలాశయం ఆఫీసు నుంచి."

టైలరు ఆమెకేసి ఒక క్షణం చూసి, స్టూలు మీది బట్టలు పక్కకు తీసి కూర్చోమన్నాడు.

"ఆదివారం వస్తే ఆయనకు కాలు నిలిచేది కాదు. ఆ నర్సమ్మ సంగతి తెలిశాక మరీను. లేచి తిరుగుతోందా అని రోజూ అడిగేవాడు."

"నా గురించి ఏమన్నా అన్నారా?"

"ఆఫీసరమ్మ తన పని తను చేసిందన్నాడు. అంతే."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఆ తొమ్మిదో రూలు తీయించేస్తానండీ. ఎంత దూరమైనా వెళ్తాను. అలాంటి మనిషిని ఆపిన రూలు ఇక ఉండకూడదు."

"అంత పని మాత్రం చెయ్యకండమ్మా," అన్నాడు టైలరు. "ఆయన భార్య అరవై ఎనిమిదేళ్ల వయసులో చెత్త ఏరడానికి దిగి ఆ బురదలోనే పోయింది, ఇంకే పెద్దవాళ్లనీ దిగనివ్వద్దని మూడేళ్లు మీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఆ రూలు పెట్టించింది ఆయనే."